పాల డబ్బాలకు తాళం

మార్చి 4, బుధవారం

ఓడ దిగేసరికి మధ్యాహ్నమైంది. మా కొండ మీద ఒక్క ఆకు లేదు. కాలిపోయినట్టుంది. తుఫాను వచ్చి వెళ్ళింది శనివారం. ఆఫీసు నన్ను పంపింది ఇవాళ. "నీ సొంత దీవి కదా లెయినాసె, దారులన్నీ నీకు తెలుసు" అన్నారు. దారులెక్కడున్నాయి? చెట్లన్నీ దారుల మీదే పడుకున్నాయి.

అమ్మ బతికే ఉంది. తమ్ముడు, వాడి పెళ్ళాం లెయిమాస్, వాళ్ళ రెండు నెలల పిల్లాడు కూడా. అందరూ బడిలో తలదాచుకుంటున్నారు. అమ్మ నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. "నూడుల్స్ తెచ్చావా?" అంది.

ఈ జనం నూడుల్స్ తగ్గించి దుంపలూ ఆకుకూరలూ చేపలూ తినేలా చూడమని ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వం నాకు జీతమిస్తోంది. కన్నతల్లి నన్ను అడిగిన మొదటి మాట అది.

ఓడలోంచి బియ్యం దించారు, నూడుల్స్ దించారు, చేప డబ్బాలు, దుప్పట్లు. చివర్లో నలభై పెట్టెలు. విప్పి చూస్తే పసిపిల్లల పాలపొడి. డబ్బా మీద బూరె బుగ్గల తెల్లపాప. పెట్టె మీద కాగితం: "వనువాటు తల్లులకు ప్రేమతో."

ఎవరడిగారు ఈ ప్రేమ? కావలసిన వస్తువుల జాబితా రాసింది నేను. అందులో పాలపొడి లేదు. బావిలో పంది చచ్చి తేలుతోంది. కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. సీసా కడుక్కోవడానికి చోటు లేదు. అలాంటి చోటికి నీళ్ళల్లో కలిపి పట్టే పాలు పంపారు! విషం పంపినా ఇంత కోపం వచ్చేది కాదు. విషమని తెలుస్తుంది గనక ఎవరూ తాగరు.

ఇక చాలు.

మార్చి 5

కల్మారితో గొడవ. ఊరంతా చూసింది.

కల్మారి మా దీవి పాలక కార్యదర్శి. బళ్ళో నా వెనక బెంచీ. పొద్దున్నే పెట్టెలన్నీ బడి ముందు పేర్పించి, తల్లుల్ని పిల్లలతో వరసలో నిలబెట్టి, చేతిలో ఫోను పట్టుకుని ఉన్నాడు. తలా ఒక డబ్బా ఇచ్చి ఫొటో తీస్తాడట. పంపినవాళ్ళకి చూపించాలట.

"ఒక్క డబ్బా కదిలినా ఊరుకోను" అన్నాను.

"ఏం మేడమ్, మీ అత్తగారి ఆస్తా?"

"తల్లి లేని బిడ్డకి, తల్లి పాలు ఏ రకంగానూ దొరకని బిడ్డకి మాత్రమే ఇవ్వాలి. అది కూడా ఒక్కొక్కరినీ చూసి, కలపడం నేర్పి, నీళ్ళు మరగబెట్టించి. మిగతావాళ్ళకి ఇస్తే రొమ్ము మానేస్తారు, పాలు ఇంకిపోతాయి, డబ్బా అయిపోతుంది. అప్పుడేం పడతావు, నీ ఫోనా? ఈ దీవిలో తల్లి లేని పసిబిడ్డ ఉంటే చూపించు, నా చేత్తో నేనే ఇస్తాను."

చూపించలేకపోయాడు. "ఆడవాళ్ళు భయంతో బిక్కచచ్చి ఉన్నారు. ఏదో ఒకటి చేతిలో పెడితే ధైర్యం వస్తుంది కదక్కా" అని మెత్తబడ్డాడు. మేడమ్ పోయి అక్క వచ్చింది. నేను మెత్తబడలేదు. పెట్టెలన్నీ ఆసుపత్రి కొట్టులో పెట్టించి తాళం వేశాను. ఆసుపత్రంటే రెండు గదులు, నర్సు ఓబెద్. తాళంచెవి తాడుకి కట్టి మెడలో వేసుకున్నాను.

నేను చేసింది సరైన పనే. ప్రపంచంలో ఎక్కడైనా ఇదే చెయ్యమంటారు.

మార్చి 6

లెయిమాస్ నా వెంట పడింది. పిల్లాడు చంకలో కీచుమంటున్నాడు.

"వదినా, ఒక్క డబ్బా. ఎవరికీ చెప్పను."

"నీకు పాలున్నాయి."

"లేవు. ఇంకిపోయాయి. తుఫానుకి గోడ కూలిన రోజు నుంచి లేవు. నీకేం తెలుసు, నువ్వు కన్నావా పెట్టావా?"

నేను కనలేదు. ఆ మాట ఆమె ఎప్పుడో ఒకప్పుడు అంటుందని నాకు తెలుసు. మింగాను. బడి వెనక నీడలో ఆమెని కూర్చోబెట్టి, వీపు నిమిరి, లేత కొబ్బరినీళ్ళు తాగించి, పిల్లాణ్ణి మళ్ళీ మళ్ళీ రొమ్ముకి పెట్టించాను. భయపడితే పాలు దిగడం ఆలస్యమవుతుంది తప్ప ఇంకిపోవు. రెండు గంటలు పట్టింది. వాడు మింగుతున్న చప్పుడు వినబడింది. లెయిమాస్ నా వైపు చూడలేదు. "అయినా నువ్వు ఇవ్వలేదు, అది నాకు గుర్తుంటుంది" అంది.

గుర్తుంచుకో తల్లీ. వాడు బతికుంటే చాలు.

ఊళ్ళో నా పేరు ఇప్పుడు "పాల తాళం".

మార్చి 7, శనివారం

పొద్దున్న ఆసుపత్రి దగ్గర వరస. పదిహేనుమంది. అందరూ డబ్బా కోసమే. అందరికీ అదే మాట చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది. కొండ అవతల పురావు నుంచి ఒక ముసలామె వచ్చింది, ఒంటి నిండా గీతలు. కోడలు రాలేదంది. కోడల్ని తీసుకు రమ్మని చెప్పాను. పదిహేనుమందిలో ఒక్కరికీ డబ్బా అవసరం లేదు. ఒక్కరికీ.

అసలు కోపం కర్రపెండలం మీద. తోటల్లో మొక్కలన్నీ వేళ్ళతో సహా లేచి పడున్నాయి. రెండు వారాల్లో కుళ్ళిపోతుంది. ఇప్పుడు తవ్వి, తురిమి, పిండి ఎండబెట్టుకుంటే మూడు నెలల తిండి. రాలిన సీమపనస గుంటల్లో పూడిస్తే ఆర్నెల్లు. మా నాయనమ్మలకి ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఇవాళ ఊరి మగవాళ్ళు రేకుల కింద కూర్చుని పచ్చి నూడుల్స్ నములుతున్నారు, పక్కనే మూడు నెలల తిండి కుళ్ళుతోంది. తురుముపీట పట్టుకుని నేనొక్కదాన్నే కూర్చున్నాను. "చూడండర్రా, ఆఫీసరమ్మ లాప్‌లాప్ దుంపరొట్టె వండుతోంది, మనకి పెట్టదు, తాళం వేస్తుంది" అని ఒకడు. అందరూ నవ్వారు.

సాయంత్రానికి నలుగురు ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చున్నారు. చీకటి పడేదాకా తురిమారు.

మార్చి 8, ఆదివారం

పాస్టరు ప్రసంగం పసిపిల్లల నోటి దగ్గర కూడు లాక్కునేవాళ్ళ గురించి. పేరు చెప్పలేదు. అందరూ నా మెడలో తాడు చూశారు.

మార్చి 9

సముద్రం వైపు ఊరికి కర్రపెండలం పని మీద పోయాను. తిరిగి వచ్చేసరికి కొట్టు తలుపు గొడ్డలితో చీల్చి ఉంది. నలభై పెట్టెల్లో పద్ధెనిమిది లేవు. ఓబెద్ గుమ్మంలో తల వంచుకుని ఉన్నాడు. "నేనొక్కణ్ణి, అక్కా. వాళ్ళు ఇరవైమంది" అన్నాడు.

దొంగతనం కూడా కాదు. కల్మారి నిలబడి పంచాడు. పేర్లు రాసుకుని, ఫొటోలు తీసుకుని. పెట్టెలు మోసింది ఎవరు? మా తమ్ముడు.

"జనానికి వచ్చింది జనానికిచ్చాను. నువ్వు వారం తర్వాత రాజధానికి, విలాకి వెళ్ళిపోతావు. నేను వీళ్ళ మొహాలు చూస్తూ బతకాలి" అన్నాడు కల్మారి.

అమ్మ పరుపు కింద రెండు డబ్బాలున్నాయి.

"తీసుకున్నాను. అయితే ఏం?" అంది. "పిల్లాడికేం పట్టలేదులే, అరవకు. నా టీలో వేసుకున్నాను. బావుంది."

నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. నవ్వలేదు.

మార్చి 11

విరేచనాలు. నిన్న ఇద్దరు పసివాళ్ళు, ఇవాళ నలుగురయ్యారు. నాలుగు ఇళ్ళల్లోనూ డబ్బా ఉంది, నాలుగు ఇళ్ళల్లోనూ బావి నీళ్ళే. ఒక ఇంట్లో శీతల పానీయం సీసాకి గుడ్డ చుట్టి పడుతున్నారు. ఇంకో ఇంట్లో డబ్బా ఎక్కువ రోజులు రావాలని రెండు చెంచాలకి బదులు అర చెంచా. తెల్ల నీళ్ళు.

ఓబెద్, నేను ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాలతో పడుతూ కూర్చున్నాం. నాలుగో బిడ్డ కల్మారి కూతురి కొడుకు. మాడు గుంటపడింది. ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. కల్మారి నీళ్ళు మరగబెట్టి బిందెలతో మోస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే. నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు.

"ఫొటో తీసుకో కల్మారీ. ఇప్పుడు తీసుకో. పంపినవాళ్ళకి చూపించాలిగా."

అతని కూతురు పక్కనే ఉంది. బిడ్డ ఆమె ఒళ్ళోనే ఉన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు. నేను అన్నది అబద్ధమా? కాదు. మరి ఎందుకు ఆ చూపు?

సాయంత్రం సైనిక పడవ వచ్చింది. ఆ బిడ్డనీ తల్లినీ విలా ఆసుపత్రికి తీసుకుపోయారు. మిగతా ముగ్గురూ తేరుకుంటున్నారు.

నేను చెప్పినట్టే జరిగింది. అక్షరాలా.

మార్చి 12

ఓబెద్ మందులు సర్దుతూ మామూలుగా అన్నాడు: "విచిత్రం చూడక్కా. అక్కర్లేని వాళ్ళందరికీ డబ్బాలు అందాయి. కావలసిన ఆ ఒక్క బిడ్డకి మాత్రం అందలేదు."

"ఏ బిడ్డ?"

"పురావు పిల్ల. దారి తెరిచారు కదా, పొద్దున్న అక్కడి నుంచి మనుషులొచ్చారు, చెప్పారు. వంటపాక మీద సీమపనస చెట్టు పడి తల్లి అక్కడికక్కడే పోయిందట, తుఫాను రోజునే. బిడ్డకి ఏడు వారాలు. ముసలి లెయిపకోవా సాకుతోంది. మొన్న శనివారం చెట్ల మీంచి పాక్కుంటూ ఇక్కడికి వచ్చి వెళ్ళిందట కదా, నీకు కనబడలేదా?"

కనబడలేదన్నాను.

మార్చి 12, మళ్ళీ

ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే ఇచ్చేదాన్ని. తల్లి పోయిందని చెప్పాలి కదా. పదిహేనుమంది ఉన్నారు. అందరూ ఏదో ఒక కథ చెప్పేవాళ్ళే. నోరు తెరిచి స్పష్టంగా చెప్పాలి. కల్మారి ఇరవైమందితో వచ్చి తలుపు పగలగొట్టే బదులు, దీవిలో ఎవరు పోయారో కనుక్కుని ఉంటే. కార్యదర్శి పని అది. ఓబెద్ పని అది.

ఆమె చెప్పలేదు.

మార్చి 13

తెల్లారగానే బయల్దేరాను. నాలుగు డబ్బాలు, మరగబెట్టిన నీళ్ళు, ఒక గిన్నె, కప్పు. నరికిన చెట్ల మధ్య దారి. ఇప్పుడు రెండు గంటలే. ఆమె వచ్చిన రోజు ఎంతసేపు పట్టిందో.

లెయిపకోవా చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ. ఏడవడం లేదు, అందుకే నాకు భయం వేసింది. తొడలు ముడతలు పడి ఉన్నాయి. కొబ్బరినీళ్ళు, నమిలిన అరటిపండు పెడుతోందట.

"నేను లెయినాసెని, పెద్దమ్మా."

"తెలుసు. మెడలో తాళంచెవి వేసుకున్నదానివి."

నేను ఏమన్నాను? క్షమించమని అన్నానా? "నీ కోడలు పోయిన సంగతి నాకు చెప్పలేదు కదా పెద్దమ్మా" అన్నాను. ఆ బిడ్డని చూస్తూ నా నోట వచ్చిన మాట అది.

ఆమె గొంతు పెంచలేదు. "చెప్పాను. రాలేదు, ఇక రాదు అన్నాను. నువ్వు అప్పటికే వెనకున్న మనిషిని పిలిచావు."

అవును. ఇక రాదు అంది. నేను విన్నాను. నా చెవిన పడింది. రమ్మను పెద్దమ్మా, పాలు వస్తాయి, అని చెప్పి చెయ్యి ఊపాను, తర్వాతి మనిషి రావడానికి. ఆ సాయంత్రం డైరీలో "రాలేదంది" అని సగం రాసి, మిగతా సగం వదిలేశాను. ఎవరి కోసం వదిలేశాను? ఇది ఎవరూ చదవరు.

తల్లి లేని బిడ్డ ఉంటే చూపించమని ఊరందరి ముందూ అరిచాను. ఆ బిడ్డ నాయనమ్మ నా కాళ్ళ దగ్గరికి నడిచి వస్తే మొహమెత్తి చూడలేదు. పదిహేనుమందిలో ఒక్కరికీ అవసరం లేదు. నా రాతే అది.

పాలు కలిపి కప్పుతో పట్టాను. మొదటి గుక్క బయటికి వచ్చేసింది. రెండోది నిలిచింది. ఆమె నా చేతి వైపే చూస్తోంది, నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"డబ్బా కన్నా మంచిది ఇంకో తల్లి పాలు. మా ఊళ్ళో ఒకరున్నారు. రండి పెద్దమ్మా" అన్నాను. ఆమె లేచింది. బిడ్డని మాత్రం నా చేతికి ఇవ్వలేదు. దారంతా తనే మోసింది.

మార్చి 14

లెయిమాస్ దగ్గర నిలబడి అడగడానికి నాకు నోరు రాలేదు. చివరికి అడిగాను.

"ఓహో" అంది. "నేనడిగితే డబ్బా లేదు. ఈ ముసలమ్మ అడిగితే లేదు. ఇప్పుడు నీకు కావాలి గనక నా రొమ్ము కావాలి. దానికి కూడా తాళం వేసి చెవి మెడలో తగిలించుకుంటావా వదినా?"

"తిట్టు. అయ్యాక ఇవ్వు."

"నువ్వు చెప్పావని ఇవ్వను."

"సరే."

"నీ మొహం చూడాలని లేదు. బయటికి పో."

బయటికి వచ్చాను. బడి గోడ అవతల నిలబడ్డాను. లెయిమాస్ గొంతు వినిపించింది, వేరే మనిషి గొంతులా: "ఇలా ఇవ్వండి పెద్దమ్మా. మీరు కూర్చోండి. ఎన్నాళ్ళయింది మీరు పడుకుని?" తర్వాత ముసలామె ఏడుపు. తుఫాను తర్వాత అదే మొదటిసారి ఏడవడమని లెయిమాస్ ఇందాక చెప్పింది, గోడ వైపు తిరిగి, నాకు కాకుండా గోడకి చెబుతున్నట్టు.

మార్చి 16

రోజుకి ఆరుసార్లు లెయిమాస్. మధ్యలో మూడుసార్లు కప్పుతో నేను, మరగబెట్టిన నీళ్ళతో. మిగిలిన డబ్బాలు ఇల్లిల్లూ తిరిగి వెనక్కి అడుగుతున్నాను. కొందరిచ్చారు. కొందరు తలుపు వేశారు. అమ్మ తన రెండో డబ్బా ఇచ్చింది. "మొదటిది అయిపోయింది" అంది సిగ్గు లేకుండా.

కర్రపెండలం పిండి ఎండబెట్టేవాళ్ళు ఇవాళ ముప్ఫైమంది. తుఫాను భయం వల్లా, నూడుల్స్ అయిపోవడం వల్లా. నా వల్ల అని రాసుకోవాలనిపించింది. రాయను.

మార్చి 18

కల్మారి వచ్చాడు. మనవడు కోలుకున్నాడట, వచ్చే ఓడలో వస్తారట. మనిషి చిక్కిపోయాడు. చేతిలో కాగితాలు. దీవి నివేదిక, ఇద్దరం సంతకం పెట్టాలి.

చదివాను. పాలపొడి "అర్హులైన తల్లులకు" పంచారట. పిల్లల జబ్బుకి కారణం బావి నీళ్ళట. తలుపు ఊసే లేదు.

"ఇది అబద్ధం."

"బావి నీళ్ళు అబద్ధమా?" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "అక్కా, నేను పగలగొట్టిన తలుపు నువ్వు రాయకు. నువ్వు పంపేసిన ముసలామె సంగతి నేను రాయను. పిల్లలందరూ బతికారు. ఇంక ఎవరికి లాభం?"

అతని మీద అరవాలని చూశాను. అరవలేకపోయాను. పదిహేను రోజులుగా ఆ మనిషి మీద అరుస్తూనే ఉన్నాను, ఇవాళ చూస్తే ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని ఉన్నాం. బతికారు, నిజమే. నా తెలివి వల్ల బతికారా? అతని తెలివి వల్లా? ఆ పసిది పదమూడు రోజులు కొబ్బరినీళ్ళతో బతికింది. దానికి మా ఇద్దరిలో ఎవరమూ సంతకం పెట్టలేం.

రేపు చెబుతానన్నాను. రాస్తే నన్ను మళ్ళీ దీవులకి పంపరు. బల్ల ముందు కూర్చోబెట్టి గోడ బొమ్మలు వేయిస్తారు. ఇంకో తుఫాను వచ్చినప్పుడు ఈ పని తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు మా ఆఫీసులో? ఇద్దరం. అందుకే రాయకూడదేమో. జనం మేలు కోసం.

జనం మేలు కోసం. ఛీ.

మార్చి 20

నివేదిక మళ్ళీ మొదటి నుంచి నేనే రాశాను. ఎవరూ అడగని పాలు పంపిన సంగతి. తలుపు. బావి. నలుగురు పిల్లలు. కల్మారి కూతురి ముందు నేనన్న మాట. పోషకాహార అధికారి ఏడో తేదీన తన దగ్గరికి వచ్చిన, నిజంగా అవసరమున్న ఒకే ఒక్క కుటుంబాన్ని వినకుండా వెనక్కి పంపిందనీ, ఆరు రోజులు బిడ్డకి పాలు అందకపోవడానికి ఆ అధికారే కారణమనీ, ఆ అధికారి పేరు లెయినాసె అనీ. ఇకనుంచి వరసలో అడగాల్సిన మొదటి ప్రశ్న "బిడ్డ తల్లి ఉందా" అని ఉండాలనీ.

కల్మారికి చూపించాను. చాలాసేపు చదివాడు. "నన్ను ముంచావు" అన్నాడు. సంతకం పెట్టలేదు. చించలేదు కూడా. బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

పంపే ముందు లెయిపకోవాకి చదివి వినిపించాలనిపించింది. ఆమె, పిల్ల ఇప్పుడు లెయిమాస్ వాళ్ళు కొత్తగా వేసుకున్న పాకలోనే ఉంటున్నారు. పొద్దున్న తూచితే పిల్ల నూట యాభై గ్రాములు పెరిగింది. నివేదిక ఇంగ్లీషులో ఉంది. మా భాషలోకి మార్చి, మెల్లగా, ఒక్కో వాక్యమూ చదివాను. నా తప్పు దగ్గర ఆగి ఆమె మొహం చూశాను. ఏదో ఒకటి అంటుందని. ఆమె ఈగని తోలింది.

మొత్తం విన్నాక, "తల్లి తుఫానులో మరణించింది అని చదివావు" అంది.

"అవును పెద్దమ్మా."

"ఏ తల్లి?"

ఎనిమిది రోజులుగా ఆ పిల్లకి పాలు పడుతున్నాను. తల్లి పేరు నేను ఎవరినీ అడగలేదు.

"లెయివియా" అంది ముసలామె. "నా చిన్నకొడుకు పెళ్ళాం. లెయివియా. రాయి."

రాశాను. ఎక్కడ రాశానో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. ఆ అక్షరాల మీద తన వేలు పెట్టి కాసేపు ఉంచింది. మళ్ళీ చదవమంది. చదివాను.

లోపల పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, గట్టిగా, ఊరంతా వినబడేలా. లెయిపకోవా మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. లోపలికి వెళ్ళింది.